బొమ్మ కదిలిన దారి – 14: గీత రాని చెయ్యి

పుట్టపాకలో ఒక ఇంటి వరండాలో కూర్చుని చిటికి కట్టడం చూస్తున్నాను. చట్రానికి బిగించిన నూలు మీద, పక్కన పెట్టుకున్న గ్రాఫు కాగితం చూసి గుర్తులు పెట్టుకున్నారు. గుర్తు పడిన చోటల్లా కొన్ని పోగులను కలిపి, సన్నగా కోసిన రబ్బరు పట్టీతో బిగించి కట్టేస్తున్నారు. కట్టిన చోట రంగు ఎక్కదు. కాగితం మీద గళ్ళలో ఏనుగు ఉంది. చట్రం మీద ఏనుగు లేదు, ముళ్ళే ఉన్నాయి. రంగులో ముంచి, విప్పి, మరోచోట కట్టి, మళ్ళీ ముంచి, ఆరబెట్టి, కండెలకు చుట్టి మగ్గం ఎక్కించాలి. నాడె అటూ ఇటూ తిరుగుతూ పేక మీద పేక పడుతుంటే ముందు కాళ్ళు, తర్వాత పొట్ట, ఆ తర్వాత తొండం లేస్తాయి. ఒక పోగు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఏనుగు కన్ను చెదురుతుంది. అందుకే నేసే మనిషి ప్రతి పేకకూ ఆగి, వేలి కొసతో పోగును సర్దుతాడు.

పోచంపల్లి, పుట్టపాక చుట్టుపక్కల ఊళ్ళకు ఈ విద్య చీరాల వైపు నుంచి, తేలియా రుమాళ్ళతో వచ్చింది. నూరేళ్ళు దాటింది. బొమ్మను గళ్ళుగా విడగొట్టడం, ఏ గడికి ఏ రంగో ముందే లెక్క రాసిపెట్టుకోవడం, ఆ లెక్క ప్రకారం వరుస మీద వరుస పేర్చి బొమ్మను నిలబెట్టడం ఆ విద్య. మన చేతిలోని ఫోను తెర చేసేదీ అచ్చంగా ఇదే. ఆ గడిని కంప్యూటరు వాళ్ళు పిక్సెల్ అంటారు. అటు పాలమూరు వైపు గద్వాలకు పోతే చుట్టరికం ఇంకా దగ్గరవుతుంది. అక్కడ అంచులు నేయడానికి వాడే జాకార్డుకు బెజ్జాలు కొట్టిన అట్టలు దండలా వేలాడుతుంటాయి. బెజ్జం ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. 1804 నాటి ఈ ఫ్రెంచి మగ్గం అట్టలనే చార్లెస్ బాబేజీ తన లెక్కల యంత్రానికి అరువు తెచ్చుకున్నాడు. కంప్యూటరు పుట్టింటి వాళ్ళెవరని అడిగితే సాలె మగ్గాన్ని చూపించవచ్చు.

పోయిన భాగంలో ఐవాన్ సదర్లాండ్ 1963లో తెర మీద కాంతి కలంతో గీత గీయించిన దాకా చెప్పుకున్నాం. ఆ సదర్లాండ్ దగ్గర యూటా విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఒక శిష్యుడిది ఈ భాగం. పేరు ఎడ్ క్యాట్మల్. ఆయన కథను చెయ్యి చుట్టూ చెబుతాను. ఎందుకో ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది.

క్యాట్మల్ 1945 మార్చి 31న పశ్చిమ వర్జీనియాలో పుట్టాడు, యూటాలో పెరిగాడు. చిన్నప్పుడు ఆయనకు ఇద్దరు దేవుళ్ళు, వాల్ట్ డిస్నీ, ఐన్‌స్టీన్. డిస్నీలా బొమ్మలకు ప్రాణం పోయాలని కోరిక. హైస్కూలు ముగిసేసరికి ఒక నిజం తెలిసివచ్చింది. తన చేతికి ఆ స్థాయి గీత రాదు. అంతటితో రెండో దేవుడి దారి పట్టి భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్సు చదివి 1969లో పట్టా పుచ్చుకున్నాడు. కొన్నాళ్ళు బోయింగ్‌లో పనిచేశాడు. అక్కడ వేలమందిని తీసేసినప్పుడు ఆయనా రోడ్డున పడ్డాడు. తిరిగి విశ్వవిద్యాలయానికే వచ్చాడు.

అక్కడ అప్పుడున్న సావాసం అసాధారణమైనది. తర్వాత అడోబీ స్థాపించిన జాన్ వార్నాక్, సిలికాన్ గ్రాఫిక్స్ స్థాపించిన జిమ్ క్లార్క్, మనం వాడే కిటికీల తెరకు ఊహ పోసినవాళ్ళలో ఒకడైన ఆలన్ కే, అందరూ అక్కడి కంప్యూటరు విభాగంలోనే తయారయ్యారు. అమెరికా రక్షణశాఖ డబ్బులిచ్చి, ఏం చేయాలో చెప్పకుండా వదిలేసింది. తెలివైనవాళ్ళను ఒకచోట చేర్చి వాళ్ళ జోలికి పోకుండా ఉంటే ఏమవుతుందో క్యాట్మల్ ఆ గదుల్లో చూశాడు. తర్వాత తాను యజమాని స్థానంలో కూర్చున్న నలభై ఏళ్ళూ ఆ గదినే మళ్ళీ కట్టాలని చూశాడని నాకనిపిస్తుంది.

1972లో క్లాసు పనిగా ఒక చిన్న సినిమా తీయాలి. గీయడం రాని మనిషి తన ఎడమ చేతినే బొమ్మగా ఎంచుకున్నాడు. ప్లాస్టర్‌లో చెయ్యి ముంచి అచ్చు తీశాడు. ముందు చేతికి వాసెలిన్ రాసుకోవాలన్న మాట మరిచిపోయాడు. అచ్చు లాగేసరికి చేతి వెనక వెంట్రుకలన్నీ దానితో ఊడివచ్చాయి. ఆ అచ్చులోంచి చేసిన ప్లాస్టర్ చేతి మీద సిరాతో త్రికోణాలు, బహుభుజాలు గీశాడు. సుమారు 350. ఒక్కో మూల ఎక్కడుందో కొలిచి, ఆ అంకెలను టెలిటైపు మీటల మీద కొట్టి యంత్రానికి ఎక్కించాడు. ఫ్రెడ్ పార్క్ అనే సహాధ్యాయితో కలిసి తీసిన ఆ బొమ్మలో ఒక చెయ్యి తిరుగుతుంది, వేళ్ళు ముడుస్తుంది, చూపుడు వేలు చాపుతుంది. చూసేవాళ్ళు ఆ చేతి లోపలికి కూడా పోతారు. గ్రాఫు కాగితం ముందు పెట్టుకుని ముళ్ళు వేసే మనిషికి ఈ పని చూపిస్తే వింతగా ఏమీ అనిపించదు. 1976లో 'ఫ్యూచర్‌వరల్డ్' అనే హాలీవుడ్ సినిమాలో ఒక తెర మీద ఆ చెయ్యి కనిపించింది. 2011లో అమెరికా జాతీయ చిత్రాల భాండాగారం ఆ చేతి సినిమాను భద్రపరచదగిన చిత్రంగా చేర్చుకుంది.

1974 నాటి ఆయన పీహెచ్‌డీలో ఉన్న రెండు ఉపాయాలు ఈ రోజుకీ ప్రతి ఫోన్లో, ప్రతి ఆటలో నడుస్తున్నాయి. మొదటిది లోతు లెక్క. ఒక గడిలో రెండు వస్తువులు పడితే ఏది కనపడాలి? గ్రూపు ఫోటోలో ముందు వరస మనిషి తల వెనక వరస మనిషి ముఖాన్ని ఎలా కప్పుతుందో, ప్రతి గడికీ కంటికి ఎంత దూరమన్న అంకెను ఒకటి రాసిపెట్టుకుని, దగ్గరి దాన్ని ఉంచి దూరపు దాన్ని చెరిపేయడం. దాన్ని జడ్-బఫర్ అంటారు. రెండోది బొమ్మకు చీర కట్టడం లాంటిది. చదునుగా ఉన్న బట్ట మీద నేసిన ఏనుగు, చీర కట్టుకున్నాక ఒంటి వంపును బట్టి వంగుతుంది, కుచ్చిళ్ళలో దాక్కుంటుంది. అలా చదును బొమ్మను వంపు తిరిగిన ఆకారం మీద కప్పడం ఎలాగో క్యాట్మల్ లెక్క కట్టాడు.

చదువు నడుస్తుండగానే 1973లో డిస్నీ వాళ్ళ గడప తొక్కాడు, మీ చిత్రకారులకు కంప్యూటరు నేర్పుతాం, కలిసి పనిచేద్దాం అని. వాళ్ళకు ఆసక్తి లేకపోయింది. కావాలంటే మా వినోద పార్కులో రైలు ఆటకు డిజైను చేసిపెట్టు, ఉద్యోగం ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. కంప్యూటరుతో నిండు సినిమా తీయాలన్నది అప్పటికే ఆయన పంతం. ఆ పంతం నెరవేరడానికి చెయ్యి తీసిన నాటి నుంచి 23 ఏళ్ళు పట్టింది.

ఈ 23 ఏళ్ళలో యజమానులు మారారు. న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ప్రయోగశాల నడిపే పని వచ్చినప్పుడు, ఆల్వీ రే స్మిత్ అనే మనిషి ఉద్యోగానికి వచ్చాడు. ఆ కుర్చీకి నాకన్నా ఇతనే తగినవాడేమోనని క్యాట్మల్ లోలోపల జంకాడు. జంకుతూనే తీసుకున్నాడు. 1979లో జార్జ్ లూకాస్ కంపెనీ కంప్యూటరు విభాగానికి పెద్దను వెతుకుతోంది. ఈ పనికి నువ్వు కాక ఇంకెవరు పనికొస్తారని అడిగారు. క్యాట్మల్ తనకు తెలిసిన సమర్థుల పేర్లు వరుసగా చెప్పేశాడు. మిగతా అభ్యర్థులెవరూ ఇంకో పేరు చెప్పలేదట. ఉద్యోగం ఆయనకే వచ్చింది. తనకన్నా గొప్పవాడిని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకోగలగడమే ఆయన నాయకత్వంలో నాకు అన్నిటికన్నా నచ్చే గుణం. బొమ్మల మనిషి జాన్ లాసెటర్ కూడా అలాగే వచ్చి చేరాడు.

1986 ఫిబ్రవరిలో స్టీవ్ జాబ్స్ ఆ విభాగాన్ని కొన్నాడు. లూకాస్‌కు 50 లక్షల డాలర్లు, కంపెనీలో పెట్టుబడిగా మరో 50 లక్షలు. పేరు పిక్సార్. అమ్ముదామనుకున్నది బొమ్మల కంప్యూటర్లను. మూడు వందలు కూడా అమ్ముడుపోలేదు. ఏటేటా నష్టం, మనుషుల్ని తీసేయడం, జాబ్స్ సొంత జేబులోంచి మళ్ళీ మళ్ళీ డబ్బు. మొత్తం 5 కోట్ల డాలర్లు దాటింది. ఆ కష్టకాలంలోనే 'లక్సో జూనియర్', ఆస్కార్ తెచ్చిన 'టిన్ టాయ్' పుట్టాయి. 1991లో డిస్నీతో మూడు సినిమాల ఒప్పందం కుదిరింది. 1995 నవంబర్ 22న 'టాయ్ స్టోరీ' విడుదలైంది. అందులో 1,14,240 ఫ్రేములు, వాటిని గీయడానికి యంత్రాలకు పట్టిన సమయం 8 లక్షల గంటలు. చెయ్యి నుంచి సినిమా దాకా నడిచొచ్చిన మనిషికి అప్పుడు సంతోషం రావాలి కదా. తనను రోజూ నిద్రలేపిన పని అయిపోయిందని ఆయనకు వెలితిగా అనిపించింది. మిగతా జీవితానికి పనేమిటని వెతుక్కుని, మంచి సినిమాలు ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చే చోటును కట్టడమే ఇక నా పని అనుకున్నాడు.

ఆ కొత్త పనికి పరీక్ష 'టాయ్ స్టోరీ 2' రూపంలో వచ్చింది. 1998లో ఒక రోజు ఎవరో కంప్యూటరులో ఒక ఆజ్ఞ తప్పుగా కొట్టారు. కళ్ళముందే బొమ్మలు మాయమవుతూ పోయాయి. రెండేళ్ళ పనిలో నూటికి తొంభై వంతులు పోయింది. దాచిన ప్రతులు చూస్తే అవీ పాడైపోయి ఉన్నాయి. గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక అధికారిణి అప్పుడే బిడ్డను కని ఇంటి నుంచి పనిచేస్తోంది. ఆమె ఇంట్లో కంప్యూటరులో ఒక ప్రతి ఉంది. దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీటులో పసిబిడ్డలా పెట్టుకుని దాన్ని ఆఫీసుకు తెచ్చారు. ఆ ఆజ్ఞ కొట్టింది ఎవరని క్యాట్మల్ వెతికించలేదు. ఇలాంటి చోట్ల మన ఆఫీసుల్లో మొదట పుట్టేది విచారణ సంఘం. ఆయన దృష్టి పోయినదాన్ని తెచ్చుకోవడం మీదే ఉంది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. దక్కించుకున్న ఆ సినిమాయే బాగాలేదని తేలింది. విడుదల తేదీ కదలదు. చేతిలో తొమ్మిది నెలలు. 1999 మొదట్లో కథను మళ్ళీ మొదలుపెట్టి రాత్రింబవళ్ళు చేశారు. సినిమా అద్భుతంగా వచ్చింది. పూర్తయ్యేసరికి సిబ్బందిలో మూడోవంతు మందికి చేతులు పోయాయి. ఒకే కదలికను వేలసార్లు చేసిచేసి మణికట్టు, మోచెయ్యి, భుజం నొప్పులు. ఒక తండ్రి పసిబిడ్డను డే కేర్‌లో దింపాల్సింది పోయి, నిద్రలేని మత్తులో కారులోనే మరిచి ఆఫీసులోకి పోయాడు. ఎండలో సొమ్మసిల్లిన బిడ్డను సమయానికి గుర్తించి బతికించుకున్నారు. క్యాట్మల్ ఈ సంగతిని తన పుస్తకంలో దాచుకోకుండా రాసుకున్నాడు. మనుషులు తమంతట తాము ఒళ్ళు హూనం చేసుకుంటున్నా, ఆపాల్సిన బాధ్యత తనదేనని ఒప్పుకున్నాడు.

ఆ చేతుల నొప్పి దగ్గర ఈ కథను ఆపి, అప్పటి నల్లగొండ జిల్లాకు రావాలి. సరిగ్గా ఆ నెలల్లోనే, 1999 ఫిబ్రవరిలో, ఆలేరు దగ్గర శారాజీపేట అనే ఊళ్ళో ఇంకో మనిషి ఇంకో చేతిని విడిపించాడు.

మగ్గం దాకా రాకముందు, చిటికి కట్టక ముందు, నూలును ఆసు పోయాలి. అర్ధచంద్రంలా మేకులు వరసగా దిగిన చట్రం ఉంటుంది. పోగును పట్టుకుని మధ్య మేకు నుంచి అంచు మేకుకు, అంచు నుంచి మళ్ళీ మధ్యకు తిప్పాలి. పక్క మేకు. మళ్ళీ పక్క మేకు. ఒక చీరకు చెయ్యి 9,000 సార్లు ఇలా పోయి రావాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. ఒక్కో చీరకు నాలుగైదు గంటలు. ఈ పని ఎప్పుడూ ఇంటి ఆడవాళ్ళదే. చీర మీద నేసిన మగవాడి పేరైనా ఒక్కోసారి పడుతుందేమో గాని, ఆసు పోసిన చెయ్యి ఎవరిదో ఎవరూ అడగరు.

చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం అలా అరిగిపోయింది. ఆరో తరగతితో బడి మాని మగ్గంలో కూర్చున్న కొడుకు (పదో తరగతిని తర్వాత ప్రైవేటుగా కట్టి పాసయ్యాడు) ఆ నొప్పిని రోజూ చూస్తూ పెరిగాడు. 1992లో ఆసు పోసే యంత్రం చేస్తానని కూర్చున్నాడు. ఇంజనీరింగు చదవలేదు, డబ్బు లేదు. చెక్క ముక్కలు, ఇనుప ముక్కలు తెచ్చి ఒక్కో కదలికను విడదీశాడు. పోగును ముందుకు వెనక్కు తీసుకుపోవడం ఒకటి, మేకు చుట్టూ తిప్పడం ఒకటి, పక్క మేకుకు జరపడం ఒకటి. క్యాట్మల్ ప్లాస్టర్ చేతి మీద త్రికోణాలు గీసినట్టే, ఈయన తల్లి చేతి కదలికను ముక్కలుగా గీసుకున్నాడు. ఊళ్ళో వాళ్ళు నవ్వారు. అప్పులయ్యాయి. పని ఆగింది. హైదరాబాదు పోయి కరెంటు పని చేస్తూ, వచ్చిన కూలిలోంచే మళ్ళీ విడి భాగాలు కొన్నాడు. తెగని చిక్కు ఒకటే, మేకు చుట్టూ పోగును తిప్పడం. ఒకరోజు బాలానగర్‌లో పని మీద పోయిన చోట ఒక యంత్రం తిరుగుడు కంటపడింది. ఆ తిరుగుడే తనకు కావలసింది. దాన్ని తెచ్చి తన యంత్రంలో కలిపాడు.

యంత్రం నడిచింది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు వచ్చింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. అక్కడితో ఆగలేదు. పుస్తకాలు తెచ్చుకుని ఎలక్ట్రానిక్స్ నేర్చుకుని, యంత్రంలో మైక్రోకంట్రోలరు పెట్టాడు. పల్లె సృజన నడిపే బ్రిగేడియర్ గణేశం లాంటివాళ్ళు ఆయన్ని వెతికి పట్టుకుని అహ్మదాబాదులోని నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ దాకా తీసుకుపోయారు. 2009లో వాళ్ళ పురస్కారం, 2017లో పద్మశ్రీ. చుట్టుపక్కల ఊళ్ళలో వందల ఇళ్ళలో ఇప్పుడా యంత్రాలు ఆడుతున్నాయి. ఆసు మీద వంగి పొద్దుపుచ్చే ఆడవాళ్ళు ఇప్పుడు యంత్రం పెట్టి పక్కన చిటికి కడుతున్నారు, వంట చూసుకుంటున్నారు.

ఇద్దరిలో ఎవరు గొప్ప అని నేను అడగడం లేదు. ఒకరు లోకం చూసే తీరును మార్చారు, ఇంకొకరు కొన్ని మండలాల భుజాలను కాపాడారు. కానీ 1999 ఫిబ్రవరిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, శారాజీపేటలో యంత్రం చేతిని విడిపించింది, కాలిఫోర్నియాలో యంత్రం ముందు కూర్చున్న చేతులు నొప్పిపాలయ్యాయి. యంత్రం ఒకటే. దాన్ని ఎవరి కోసం, ఎంత తొందరగా తిప్పుతున్నారన్నది వేరు.

తర్వాతి క్యాట్మల్ కథ ఎక్కువ భాగం విజయమే. 2006లో డిస్నీ 740 కోట్ల డాలర్లకు పిక్సార్‌ను కొంది. 1973లో రైలు ఆటకు పిలిచిన ఇంటికే, రెండు స్టూడియోలకూ అధ్యక్షుడిగా క్యాట్మల్ పోయాడు. దర్శకులు ఒకరి సినిమాను ఒకరు మొహం మీదే విమర్శించే సభలను అక్కడా పెట్టించాడు. ఆ సభకు దర్శకుడి మీద అధికారం ఉండదు. చెప్పడమే వాళ్ళ పని, వినాలో వద్దో అతని ఇష్టం. అలసిపోయిన డిస్నీ యానిమేషన్ మళ్ళీ లేచి నిలబడింది.

ఒక్కటి మాత్రం మింగుడుపడదు. మా నేత ఊళ్ళలో ఆసామి పద్ధతి ఉంది. నూలూ రంగులూ ఆసామి ఇస్తాడు, బయానా ఇస్తాడు, మజూరీ ఆయనే కడతాడు. బయానా తీరేదాకా నేతగాడు ఇంకో ఆసామి గడప ఎక్కకూడదు. ఇంకో ఆసామి కూడా వాణ్ణి పిలవడు. పాలమూరు లేబరును ప్రాజెక్టుల పనికి తీసుకుపోయిన మేస్త్రీల లెక్కా ఇదే. ఇలా పిలవకూడదని పెద్దలంతా మాట అనుకుంటే కూలి పెరగదు. అమెరికా స్టూడియోలు కూడా ఒకరి కళాకారులను ఒకరు పిలవకూడదని లోపాయికారీగా ఒప్పుకున్నాయి. 2010లో అక్కడి న్యాయశాఖ పట్టుకుంది. 2014లో యానిమేషన్ కార్మికులు దావా వేశారు. బయటపడిన కాగితాల్లో క్యాట్మల్ రాసిన లేఖలున్నాయి. ప్రమాణం చేసి చెప్పిన వాంగ్మూలంలోనూ ఆయన చింతించలేదు. పరిశ్రమ నిలవాలంటే అలా చేయక తప్పదన్నాడు. 2017లో డిస్నీ, పిక్సార్, లూకాస్‌ఫిల్మ్ కలిసి 10 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. తనకన్నా గొప్పవాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి, ఆ గొప్పవాళ్ళకు ఇంకో గడప తెరిచి ఉండకూడదని ఎలా అనుకోగలిగాడు? ఈ ప్రశ్నకు ఆయన పుస్తకంలో జవాబు దొరకదు. అందులో చేతుల నొప్పి గురించి అంత నిజాయితీగా రాసిన మనిషి కాబట్టే ఇది మరింత నొప్పిస్తుంది. ఆయన్ని చదివేవాళ్ళు రెండు పుటలూ చదవాలి.

2019 జూన్‌లో మన దగ్గర 'మల్లేశం' సినిమా విడుదలైంది. జూలైలో క్యాట్మల్ పిక్సార్ వదిలి ఇంటికి పోయాడు. మరుసటి ఏడు మార్చిలో, పాట్ హాన్రహన్‌తో కలిపి ఆయనకు 2019 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం ప్రకటించారు. పాతికేళ్ళ ముందు, 1994లో, అదే పురస్కారం మన అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారికి వచ్చింది.

అదే 2019 ఏప్రిల్‌లో హైదరాబాదులో గీసిన ఒక బొద్దు పసివాడు, ఒక్క మాటా మాట్లాడకుండా, నెట్‌ఫ్లిక్స్ మీద దేశదేశాల ఇళ్ళలోకి పాకుతూ వెళ్ళాడు. ఆ పసివాణ్ణి గీయించిన రాజీవ్ చిలక, ఆయన గ్రీన్ గోల్డ్ కథ వచ్చే భాగంలో.

(సశేషం)